మూత అనని పూట

కట్టు కట్టే గది తలుపు ఇంకా మూసే ఉంది. లోపల కూతురు, బయట బల్ల మీద మూతయ్య, మధ్యలో ఆకుపచ్చ తలుపు. తలుపుకి గుండ్రటి అద్దం బిగించి, ఆ అద్దానికి లోపలి నుంచి తెల్లకాగితం అంటించారు. చూడనివ్వని అద్దం దేనికి, మొత్తం చెక్కే కొట్టించుకోవచ్చు కదా అనుకున్నాడు. ఏదో ఒకదాన్ని తప్పు పట్టకపోతే అతనికి తోచదు. ఆ తలుపు తెరుచుకుంటే ఆ పిల్లతో మాట్లాడాలి. మాట్లాడాలా, అక్కర్లేదా? వాళ్లమ్మ పోయిన వానాకాలం నుంచి ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే గిన్నెలోది తింటూ, ఒకే సరుకుల యార్డులో పనిచేస్తూ, ఆ పిల్లతో అతను ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నదేమీ లేదు. మొదటిరోజు మాట రాలేదు, రెండోరోజు రానివ్వలేదు, ఆ తర్వాత విరిగిన ఎముక వంకరగా అతుక్కున్నట్టు అలాగే అతుక్కుపోయింది. ఇప్పుడు సరిచేయాలంటే మళ్లీ విరగ్గొట్టాలి. ఎవరు విరగ్గొడతారు? తనే విరగ్గొట్టాలని పొద్దుట ఎవరైనా అని ఉంటే, ముందు దాన్ని అడగమను, ఎందుకు చేసిందో చెప్పమను అని ఉండేవాడు. ఇప్పుడు మధ్యాహ్నం. మధ్యాహ్నానికి లెక్క మారిపోయింది. మారిందని ఒప్పుకోవడానికే అతను ఇంతసేపూ ఆ కాగితం అంటించిన అద్దాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాడు.

పక్కన, కంచుగొంతు అని అందరూ పిలిచేవాడు కూర్చున్నాడు. క్రేను నడుపుతాడు. యార్డులో అందరికీ ఇచ్చినట్టు అతనికీ చేతిలో పట్టుకుని మాట్లాడే సెట్టు ఒకటి ఇచ్చారు గానీ అది దండగ అంటారు అందరూ, క్రేను మీద అతను దగ్గితే ఆఖరి గేటుకి వినపడుతుంది. ఇప్పుడు తను గుసగుసగా మాట్లాడుతున్నాననుకుంటున్నాడు పాపం, వరండా చివర చీటీలు రాసే ఆవిడ మాత్రం తలెత్తి తలెత్తి చూస్తోంది. జరిగింది మళ్లీ మొదటి నుంచి చెబుతున్నాడు. లారీలు వరసకట్టి ఉన్నాయట, పిల్ల రెండో గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపుతోందట, ఉన్నట్టుండి ఒంటికాలి మీద గెంతిందట, తేలో జెర్రో కుట్టిందనుకున్నాడట. ప్యాంటు జేబులోంచి పొగ. జేబులో గేటు తాళాల గుత్తి, గుత్తితో పాటు సెట్టుకి వేసే అదనపు బ్యాటరీ. అరిచేలోపే పిల్ల జేబులో చెయ్యి పెట్టి లాగేసిందట. లాగకపోతే తొడ పూర్తిగా పోయేది, లాగింది కాబట్టి వేళ్లు కాలాయి. క్రేను దిగి పరిగెత్తాడు. డ్రమ్ములో నీళ్లు చెంబుతో పోస్తూనే ఉన్నారు, ఆపలేదు. టూత్‌పేస్టు రాద్దామని ఎవడో వస్తే వాడి నోట్లో రాస్తానన్నాడట. బ్యాటరీని చెయ్యి తగలకుండా కర్రతో ఇసక బకెట్లోకి తోశారు. ఇసక బకెట్లు గేటు గేటుకీ పెట్టించింది మూతయ్యే. ఇన్నాళ్లూ అందరూ వాటిలో బీడీలు ఆర్పారు. "నువ్వు చెప్పినవన్నీ చేశాం బాబాయ్, ఒక్కటీ వదల్లేదు" అని కంచుగొంతు మోకాలు తట్టాడు. మెచ్చుకోవాలని ఎదురుచూస్తున్నాడు. మూతయ్య తల ఆడించాడు. చెప్పినవన్నీ చేశారు. నిజమే. వాళ్లు చేశారు.

ఎదురు బల్ల మీద కంటికి కట్టుతో ఉన్న ముసలావిడ ఎవరికి బాబూ అంది. కూతురికి అన్నాడు. అన్నాక ఆ మాట నోట్లో పెరుగన్నంలో రాయిలా తగిలింది. ఇన్నాళ్లూ దాన్ని ఆ పిల్ల అనేవాడు, లేదా అది అనేవాడు, లేదా ఏమీ అనేవాడు కాదు. పొయ్యి దగ్గరా అంది ముసలావిడ. ఆడపిల్ల కాలిందంటే లోకానికి పొయ్యి తప్ప తోచదు. కాదు, పని దగ్గర అన్నాడు. ఆవిడ ఇంకా అడుగుతుందని ముఖం తిప్పుకున్నాడు. తిప్పుకోవడం అతనికి బాగా వచ్చు. ఇంట్లో ఎవరైనా తలుపు వేస్తే బాగుంటుంది అని గోడకి చెబుతాడు, తలుపు పడుతుంది. పొద్దున్నే గోడ వైపు నుంచి ఉప్పు అయిపోయింది అని వినపడుతుంది, సాయంత్రం ఉప్పు వస్తుంది. వాళ్లింటి గోడకి ఉన్నంత పని ఊళ్లో ఏ గుమాస్తాకీ లేదని పక్కింటి ఆవిడ ఒకసారి నవ్వింది. అతను ఆవిడతో కూడా మాట్లాడ్డం మానేశాడు.

మూతయ్య అన్నది యార్డువాళ్లు పెట్టిన పేరు. సెట్లకి చార్జింగు పెట్టే గది అతనిది. గది అంటే కిటికీ ఉన్న పెద్ద అలమారా, అంతే. అందులో చార్జింగు గూళ్లు, ఒక మేజాబల్ల, బల్ల మీద గాజుపలక, మెత్తటి పొడిగుడ్డలు. తిరిగొచ్చిన ప్రతి బ్యాటరీనీ గాజుపలక మీద పెట్టి వేలితో తిప్పుతాడు. ఆరోగ్యంగా ఉన్నది పలకని అంటిపెట్టుకుని మొరాయిస్తుంది, ఉబ్బినది బొంగరంలా తిరుగుతుంది. తిరిగినదాన్ని ఎవడు బతిమాలినా ఇంక సెట్టుకి వెయ్యడు, చెత్తలోనూ వెయ్యనివ్వడు, ఇసక పోసిన రేకుపెట్టెలో వేరుగా పెట్టి తీసుకెళ్లే బండి కోసం చూస్తాడు. వానలో తడిసి వస్తే తుడిచి ఆరాకే గూట్లో పెడతాడు. లారీ అద్దం వెనక ఎండలో మాడి వస్తే అది చల్లారేదాకా పక్కన పెడతాడు, తెచ్చినవాడికి కూడా చల్లారేదాకా తిట్లు పెడతాడు. అన్నిటికన్నా ముఖ్యం మూత. బ్యాటరీ అరసబ్బుబిళ్లంత ఉంటుంది, దాని ఒక చివర లోహపు చుక్కలు. ఆ చుక్కల మీద తాళంచెవి అడ్డంపడితే చాలు, పాము రెండు కోరలూ ఒకేసారి దింపినట్టు లోపలున్నదంతా ఒక్కసారి బయటికి కక్కేస్తుంది. అందుకని చుక్కలకి ప్లాస్టిక్ మూత. సెట్టులో ఉన్నంతసేపూ దాని అవసరం లేదు, విడిగా జేబులో పెట్టుకునేదానికి మూత లేకపోతే కుదరదు. దానికి అతనొక పద్ధతి పెట్టాడు. బ్యాటరీని అందిస్తూ తను మూత అనాలి. తీసుకునేవాడు బొటనవేలితో తడిమి ఉంది అనాలి. ఉంది అనేదాకా తను వదలడు. ఇద్దరూ ఒకే బ్యాటరీని పట్టుకుని నిలబడాల్సిందే. కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుతారు, ఇదేం మంత్రం మూతయ్యా, తాళి కట్టిస్తున్నావా అంటారు. నవ్వినవాడి చేత రెండుసార్లు అనిపిస్తాడు. మనిషి చెయ్యి మరిచిపోతుంది, కన్ను మరిచిపోతుంది, రెండు నోళ్లు ఒకేసారి మరిచిపోవు. ఈ మాట అతనే అందరికీ చెప్పేవాడు. బళ్లో నేర్చుకున్నది తక్కువ, ఈ మాట మాత్రం సొంతంగా కనిపెట్టింది. అందుకే గర్వం.

ఆ పిల్ల వచ్చినప్పుడు మాత్రం మూత అనలేదు. ఒక్కనాడూ అనలేదు. పోయిన వానాకాలం నుంచి అది కిటికీ దగ్గరికొచ్చి బల్లచెక్కకి చెప్పేది, ఇంకో బ్యాటరీ కావాలి అని. అతను మూత బిగించి చెక్క మీద పెట్టి వెనక్కి తిరిగేవాడు. అది తీసుకుని పోయేది. వెనక వరసలో ఉన్నవాళ్లు ఒకరినొకరు పొడుచుకుని చూసుకునేవాళ్లు, ఆ పిల్ల తర్వాత వచ్చినవాడి దగ్గర అతను మూత అని మామూలుకన్నా గట్టిగా అనేవాడు. నోరు లేకపోయినా చెయ్యి ఉంది కదా అనుకున్నాడు. చేతికి ఇన్నేళ్ల అలవాటు. నోటితో పనేంటి. చెయ్యి చూసుకుంటుంది.

పొద్దుట ఏమైంది? అది వచ్చింది. జుట్టు పైకి దోపి ముడేసుకుంది. ఎప్పుడూ జడ వేసుకునేది ఇవాళ ముడెందుకు వేసుకుంది? ఉక్కకి వేసుకుని ఉంటుంది. మెడ మీద చెమటకి అంటుకున్న చిన్న వెంట్రుకలు. వాళ్లమ్మ పొయ్యి ముందు కూర్చున్నప్పుడు ఉండే మెడ అది, అచ్చంగా అదే, ఎవరో తీసుకొచ్చి కిటికీలో పెట్టినట్టు. అతనికి ఒళ్లు మండింది. ఎందుకు మండిందో తెలియదు, దుఃఖం వచ్చే చోట అతనికి ముందు కోపం వస్తుంది, ఎప్పుడూ అంతే, వాన వచ్చేముందు ఈదురుగాలి వచ్చినట్టు. చూడకూడదని ముఖం తిప్పుకుని గూట్లోంచి బ్యాటరీ తీసి, ఇంకా గోరువెచ్చగానే ఉంది, చెక్క మీద పెట్టాడు. మూత పెట్టాడా? పెట్టే ఉంటాడు. ఎందుకు పెట్టడు. ఆ గేటు తాళాలు జేబులో వేసుకోవడం ఏంటి, నడుముకి సంచి ఇచ్చారు కదా బ్యాటరీకి, సంచి ఉన్నది అలంకారానికా? తాళాలూ బ్యాటరీ ఒకే జేబులో పెట్టొద్దని గోడ మీద రాసి ఉంది. మూత దారిలో ఊడి ఉంటుంది. ఈమధ్య వచ్చే మూతలు ఉత్త నాసిరకం, యార్డువాళ్లకి పొదుపు ఎక్కువ. ఊడిపోయింది, అంతే. గేటు దగ్గర వెతికిస్తే మట్టిలో దొరుకుతుంది. దొరక్కపోతే లారీ చక్రం కింద పడి ఉంటుంది. ఆ పిల్ల మాత్రం చూసుకోవద్దా? వాళ్లమ్మ విషయంలోనూ అంతే. దానికి చూసుకోవడం రాదు.

వాళ్లమ్మ నవ్వేది. ఇంట్లో టార్చిలైటు ఎండలో పెట్టినా, గడియారంలో పాత సెల్లు మర్చిపోయినా అతను ఉపన్యాసం మొదలుపెట్టేవాడు, ఆవిడ తలుపుకి ఆనుకుని వినేది. నన్ను కూడా ఎండలో పెట్టకండి, ఉబ్బుతాను అనేది. అనేది కదా. నిజంగానే ఉబ్బింది. కాళ్లు ముందు, తర్వాత ముఖం. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండేదట. ఉండేదట, అని ఇప్పుడు అంటున్నాడు, పక్కింటి ఆవిడ చెప్పగా విన్నాడు కాబట్టి. యార్డులో ప్రతి బ్యాటరీనీ తిప్పి చూసే మనిషి ఇంట్లో ఆ కాళ్లు చూడలేదు. చూపించలేదు, అందుకని చూడలేదు. చీర కుచ్చిళ్లు కిందికి దించి కట్టుకునేది. తల్లీకూతుళ్లు బజారుకని చెప్పి ఆస్పత్రికి తిరిగారు. మూత్రపిండాలు అని, నీరు అని, వాళ్లిద్దరికీ అన్నీ తెలుసు. ఆఖరిరోజు అతను బ్యాటరీల గదిలో ఉన్నాడు. ఫోన్లు యార్డు మొదటి గేటులోనే పెట్టెలో పెట్టేసి రావాలి, అందరికీ అదే నియమం. అయినా గేటుకి ఒక్క ఫోను చేస్తే గేటువాడు సెట్టులో పిలుస్తాడు, పొద్దస్తమానం ఎవరెవరినో పిలుస్తూనే ఉంటాడు. ఆ పిల్లకి ఆ సంగతి తెలియదా? దానిదీ అదే యార్డు. తల్లి మంచం పక్కన కూర్చుని ఆ ఒక్క ఫోనూ చేయలేదు. అంతా అయ్యాక చేసింది. అతను వెళ్లేసరికి మంచం మీద దుప్పటి కూడా మార్చేశారు, ఇంకెవరో దాని మీద కూర్చుని బత్తాయి ఒలుచుకుంటున్నారు. ఎందుకు పిలవలేదు అని అడిగాడు. అమ్మ వద్దంది అంది. ఎందుకు వద్దంది అని అడగలేదు. ఆ రాత్రి తలుపు అవతల నుంచి ఆ పిల్లే చెప్పింది, అడక్కపోయినా చెప్పింది, ఏడుపు ఆపుకుంటూ చెప్పింది. "ఆఖరి గంటైనా అరుపులు లేకుండా పోనివ్వమంది నాన్నా."

ఆ మాటకి శిక్ష వేశాడు. చెప్పినావిడ అందకుండా పోయింది, మోసుకొచ్చినది దొరికింది. అతనికి తెలుసు ఆ మాట అబద్ధం కాదని. వెనకటికి ఆవిడ కడుపులో రాయి తీయించినప్పుడు డాక్టరు ఆలస్యంగా వచ్చాడని వార్డు వార్డంతా అరిచి గోల చేశాడు, ఆవిడ గోడ వైపు తిరిగి కొంగు ముఖం మీద కప్పుకుంది. కుట్లు నొప్పి అనుకున్నాడు అప్పుడు. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాడు. ఆవిడ మంచికే కదా అరిచింది, ఆవిడ కోసమే కదా. అరుపు కూడా ప్రేమే అని ఆవిడకి తెలుసనుకున్నాడు. తెలుసేమో. తెలిసినా చెవులు నొప్పి పుడతాయి కదా.

కంచుగొంతు లేచి టీ తెస్తానన్నాడు. వద్దన్నాడు. తెస్తాను బాబాయ్, పొద్దుట్నుంచి ఏం తిన్నావని. చిల్లర ఉందేమోనని మూతయ్య చొక్కా పైజేబులో రెండు వేళ్లు పెట్టాడు. చిల్లర తగల్లేదు. ప్లాస్టిక్ తగిలింది. బయటికి తీయకుండానే తెలిసిపోయింది, దాని అంచు, దాని పక్కనున్న చిన్న నొక్కు, వేలికి కళ్లు ఉన్నాయి ఈ విషయంలో. గూట్లోంచి బ్యాటరీ తీసేముందు డబ్బాలోంచి మూత తీసి ఒక చేత్తో పట్టుకున్నాడు. ముఖం తిప్పుకున్నాడు. మూత పెట్టాల్సిన చెయ్యి జేబులో పెట్టుకుంది. అంతే జరిగింది. మట్టిలోనూ లేదు, లారీ చక్రం కిందా లేదు, నాసిరకమూ కాదు. తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. బొటనవేలి గోరంత ఉంది. దాచాలని కూడా అనిపించింది, ఒక్క క్షణం, గుప్పిట మూసి బల్ల కిందికి జారవిడిస్తే ఎవరు చూస్తారు, రేపు పొద్దున్న ఊడ్చేవాళ్లు తోసేస్తారు. కానీ కంచుగొంతు చూశాడు. మూత వంక చూశాడు, మూతయ్య వంక చూశాడు. టీకని లేచినవాడు మళ్లీ పక్కన కూర్చున్నాడు. ఈసారి నిజంగానే చిన్నగా, "నీ నోటికి ఏమైంది బాబాయ్" అన్నాడు. మా అందరికీ రోజూ అరిచి చెప్పే నోరు దాని దగ్గర ఏమైంది అని. తిట్టినట్టు లేదు. తిడితే బాగుండేది, తిరిగి తిట్టేవాడు.

రెండు నోళ్లు ఒకేసారి మరిచిపోవు. కానీ రెండు నోళ్లూ ఒకేసారి మూసుకుంటాయి, ఆ సంగతి పద్ధతి పెట్టినప్పుడు తోచలేదు. ఆ పిల్ల మాత్రం అడగొచ్చు కదా, మూత ఏది అని. అడగదు. ఎందుకు అడుగుతుంది, అడిగిన ప్రతిసారీ వీపు చూపించిన మనిషిని. తడిమి చూసుకోవచ్చు కదా. చూసుకోలేదు, చెక్క మీద నుంచి తీసి జేబులో వేసుకుని గబగబా పోయింది, తన ముందు ఎక్కువసేపు నిలబడకూడదని. తనని తొందరగా వదిలించుకుందామని. వాళ్లమ్మ కూడా అంతే కదా, తను వచ్చేలోపే వెళ్లిపోదామని తొందరపడింది. ఇంట్లోవాళ్లు తన నుంచి తొందరపడి పోతున్నారు, కాలిపోయి పోతున్నారు, ఒకరికి ఆస్పత్రి మంచం మేలనిపించింది, ఒకరికి జేబులో నిప్పు ఉన్నా తెలియలేదు. మాట్లాడాలి. తలుపు తీయగానే మాట్లాడాలి. ఏం అనాలి? ఎలా ఉంది అనాలి. నొప్పిగా ఉందా అనాలి. అది బాగా లేదు, నొప్పిగా లేకుండా ఎలా ఉంటుంది. తాళాలు అక్కడెందుకు పెట్టావు అని నోటికి వస్తోంది, అది రాకూడదు, అదే ముందు వస్తుంది, దాన్ని పళ్ల వెనకే నొక్కిపెట్టాలి.

తలుపు తెరుచుకుంది. నర్సు బయటికి వచ్చి ఆ అమ్మాయితో ఎవరొచ్చారు అంది. కంచుగొంతు లేచాడు. సొంతవాళ్లు కావాలి అంది నర్సు. మూతయ్య లేచాడు. తొడ మీద గాయం మానుతుందట, మచ్చ ఉంటుందట. కుడిచేతి రెండు వేళ్లు ఎంతవరకు వంగుతాయో ఇప్పుడే చెప్పలేరట, చర్మం వేయాల్సి రావచ్చు, ఓపిక పట్టాలి. వెంటనే నీళ్లు పోయడం మంచిదైంది అంది. ఎవరు నేర్పారో గానీ అంది. అతను విననట్టు లోపలికి నడిచాడు.

కూతురు ఎత్తు దిండు మీద పడుకుని ఉంది. కుడిచెయ్యి కట్టులో పెద్ద తెల్లటి పొట్లంలా ఉంది, ఎడమచేతికి సెలైను సూది. జుట్టు ముడి ఊడిపోయి దిండంతా పరుచుకుంది. అతను మంచం కోడు దగ్గర నిలబడ్డాడు. ఆ పిల్ల పైకప్పు చూస్తోంది. ముందు అదే మాట్లాడింది. గోడకి కాదు, అతని ముఖం వైపు తిరిగి.

"ఒకటి అడుగుతాను. అబద్ధం చెప్పకు."

అతను మంచం కోడు పట్టుకున్నాడు.

"కావాలనే ఇచ్చావా నాన్నా?"

కోపం వచ్చింది. ఎప్పట్లాగే ముందు అదే వచ్చింది, గొంతుదాకా వచ్చింది, తండ్రిని అడిగే మాటా ఇది అని, ఎవరు పెంచారే నిన్ను అని. కానీ ఆ పిల్ల అవమానించడానికి అడగలేదు. దెప్పడానికీ కాదు. తెలియక అడుగుతోంది. నిజంగా తెలియక, జవాబు ఏదైనా కావచ్చని అడుగుతోంది. ఇన్నాళ్లూ ఒకే కప్పు కింద ఉండి, ఆ సంగతి తెలియకుండా చేసింది తనే.

"కాదు" అన్నాడు. "కాదమ్మా. మర్చిపోయాను."

అది నమ్మినట్టు తల ఊపింది.

"నాకూ అలాగే అనిపించింది" అంది. "కాలుతున్నప్పుడు మాత్రం అలా అనిపించలేదు."

వేళ్లు కాలుతున్నప్పుడు కన్నతండ్రి గురించి ఆ పిల్ల ఏమనుకుందో అది ఎప్పటికీ అనుకున్నట్టే ఉంటుంది. మచ్చ ఉంటుందని నర్సు చెప్పింది కదా.

"నీళ్లు తాగుతావా?" అన్నాడు.

"ఊఁ" అంది.

గోడ గూట్లో నీళ్ల గ్లాసు ఉంది. ఒక చేత్తో ఆ పిల్ల తల కొంచెం పైకి లేపి, రెండో చేత్తో గ్లాసు పెదాలకి ఆనించాడు. చిన్నప్పుడు పాలైనా మందైనా తనే పట్టేవాడు, ఆ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని, ఏం పోస్తున్నాడో చూడకుండా గటగటా తాగేసేది. ఇప్పుడు కళ్లు మూసుకోలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా అతని చేతినే చూస్తూ తాగింది.